రెడ్ ఆక్సైడ్ రంగు క్యాప్సూల్

మార్చి 4
కొలెస్ట్రాల్ రిపోర్ట్ చూసి డాక్టరమ్మ మొహం చిట్లించింది. రోజూ రాత్రి ఒక టాబ్లెట్, జీవితాంతం అంది. ఊళ్లో గోడలకి కోటింగ్ మీద కోటింగ్ వేసినవాణ్ణి, నా రక్తనాళాలకి ఎవడు వేశాడో తెలియలేదు. నవ్వుకున్నాను. మా ఆవిడ నవ్వలేదు.

మార్చి 9
బామ్మర్ది ఒక డబ్బా తెచ్చాడు. రెడ్ ఈస్ట్ రైస్ అట. బియ్యాన్ని పులియబెట్టి చేస్తారట, మందు కాదు బావా, ఉత్త సప్లిమెంట్ అన్నాడు. క్యాప్సూల్ అచ్చం ఇనుప గేట్లకి కొట్టే రెడ్ ఆక్సైడ్ రంగులో ఉంది. నా దగ్గరే పని నేర్చుకున్నవాడు, నేనంటే ప్రాణం వాడికి. కాదనలేకపోయాను. టాబ్లెట్‌తో పాటు ఇదీ వేసుకుంటున్నాను.

మార్చి 30
తొడలు పీకేస్తున్నాయి. నిచ్చెన మీద కాళ్లు వణికాయి. కింద నుంచి బామ్మర్ది, భూకంపమా బావా అన్నాడు. వెధవ.

ఏప్రిల్ 6
తప్పంతా ఆ టాబ్లెట్‌దే. ఎవరికీ చెప్పకుండా మానేశాను. క్యాప్సూల్ వదల్లేదు, అది తిండి కిందే లెక్క కదా.

ఏప్రిల్ 19
నొప్పి తగ్గలేదు. అంటే మందు కాదు, వయసు. ఇవాళ స్కూల్ హాల్ సీలింగ్‌కి బామ్మర్దిని ఎక్కించి, నేను కింద కూర్చుని రంగు కలిపాను. వాడు చారలు పడేలా రోలర్ తిప్పుతుంటే కడుపు మండిపోయింది. ఇంటికొచ్చాక, నిచ్చెన నువ్వే ఉంచుకోరా అన్నాను. వాడు దాన్ని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. సీలింగ్ వేయలేనివాడు ఏం పెయింటర్?

ఏప్రిల్ 22
మా ఆవిడ లాక్కెళ్లింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి కండరాలు దెబ్బతింటున్నాయంది. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగింది. ఏమీ లేదన్నాను. అబద్ధం చెబుతున్నానని కూడా అనుకోలేదు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఆ డబ్బా టేబుల్ మీద పెట్టింది. మహాతల్లి!

లేబుల్ చదివి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసేసింది. కొలెస్ట్రాల్ టాబ్లెట్‌లో ఉండేలాంటి మందే ఇందులోనూ ఉంటుందట. ఎంత ఉంటుందనేది ఒక్కో డబ్బాలో ఒక్కోలా అట. ఒకే గోడకి రెండు చేతులా కొట్టానన్నమాట. టాబ్లెట్ మానినా నొప్పి ఎందుకు పోలేదో అప్పుడర్థమైంది. మానేసిన సంగతి కూడా కక్కేశాను. ఆడవాళ్లిద్దరూ కలిసి ఉతికేశారు. క్యాప్సూల్ ఇక ముట్టుకోవద్దు, కండరాలు కోలుకున్నాక తక్కువ డోస్‌లో టాబ్లెట్ మొదలుపెడదాం అంది డాక్టరమ్మ. చివర్లో, ఇది వయసు కాదండీ అంది. దండం పెట్టేశాను.

ఏప్రిల్ 23
బావని చేజేతులా చంపుకునేవాణ్ణి అని బామ్మర్ది పొద్దున్నుంచీ ఒకటే గోల. నీకు రంగు కలపడమే సరిగా రాదు, మనిషిని చంపడం కూడానా అన్నాను. కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.

మే 17
మేడ మెట్లు రైలింగ్ పట్టుకోకుండా ఎక్కాను. పైకి వెళ్లాక గుర్తొచ్చింది.

జూన్ 20
తక్కువ డోస్ టాబ్లెట్ మొదలుపెట్టి మూడు వారాలైనా నొప్పి లేదు. స్కూల్ వాళ్లు ఫోన్ చేశారు. సీలింగ్ మీద చారలు కనిపిస్తున్నాయి, మళ్లీ వేయాలట. బామ్మర్ది తలొంచుకుని నిచ్చెన తెచ్చి నా గుమ్మంలో పెట్టాడు. తిట్టాలని కూడా అనిపించలేదు.

జూన్ 23, ఉదయం 11
నిచ్చెన పై మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. పేజీ మీద తెల్ల చుక్కలు సీలింగ్‌వి. కింద నిచ్చెన పట్టుకున్నవాడు, చేతులు లాగేస్తున్నాయి, దిగు బావా అంటున్నాడు.

దిగను.