ఇంజను చల్లారేలోపు

విమానాల మైదానం, మా తీగల డేరా నుంచి
సోమవారం మధ్యాహ్నం

వదినకు,

నీ ఆడపడుచు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, అన్నయ్యా, రెండు రెక్కలతో సహా అన్నయ్య విమానమూ క్షేమం. అక్కడ నువ్వూ, నా మేనకోడలు పిడుగూ, నీ మందుల షాపూ క్షేమమని తలుస్తాను.

వేలితో నాలుగు ముక్కలు కొడితే పోయేదానికి ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. నాలుగు రోజులుగా ఇన్ని వేల మంది కబుర్లు మోసీ మోసీ నాకు ఫోను మీదే విరక్తి పుట్టింది. అన్నయ్య ఈ సాయంత్రం బయల్దేరుతున్నాడు గానీ, కవరు తన చేతికిస్తే ఆకాశంలోనే విప్పి చదివేస్తాడు. అందుకని పోస్టులో వేస్తున్నాను.

పోయినేడు సంగతి నువ్వు మర్చిపోయి ఉండవు. ఏటా ఈ విమానాల మేళాలో అన్నయ్య పైన పల్టీలు కొట్టడం, దిగగానే నీకు "దిగాను" అని ఒక్క మాట పంపడం, ఆ మాట చూశాక నువ్వు మంచినీళ్ళు తాగడం, ఇదే కదా మీ ఇద్దరి ఒప్పందం. పోయినేడు జనం తాకిడికి నెట్ చతికిలబడింది. అన్నయ్య ఫోనులో, కబురు పోతున్నట్టు చూపే ఆ చక్రం తిరుగుతూనే ఉంది. అక్కడ నువ్వు జ్వరం బిళ్ళలు అడిగినవాళ్ళకు దగ్గు మందు ఇచ్చి, తెలిసిన ఆసుపత్రులన్నిటికీ ఫోను చేశావు. పొద్దువాలాక ఆ మాట వచ్చింది. తను ఇంటికి చేరితే నువ్వు అరవలేదు, ఏడవలేదు. భోజనం వడ్డించి, ఇక ఆ విమానమైనా ఉండాలి, నేనైనా ఉండాలి, తేల్చుకో అన్నావు. నువ్వు అరిచి ఉంటే అన్నయ్య అంత భయపడేవాడు కాదు. ఇంజను చల్లారేలోపు నీకు కబురు అందకపోతే ఆ రోజే విమానం అమ్మేస్తానని నీకు మాటిచ్చాడు.

బడిలో లెక్కలు చెప్పుకునే మనిషి, సెలవు దొరికినప్పుడల్లా తుక్కు సామాన్లు పోగేసి తన చేతులతో కట్టుకున్న విమానం అది. నీ భయమూ నాకు తెలుసు. మీ ఊళ్ళో తను విమానం పైకి లేపితే ఆ చప్పుడు వినపడకుండా మిక్సీ వేసుకుని కూర్చునేదానివి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తను ఎగరడం చూడలేదు నువ్వు. ఇద్దరిలో ఎవరి పక్షం మాట్లాడాలో తెలియక, ఈ ఏడు ఇక్కడ నెట్ వేసే పని నేనే అడిగి తీసుకున్నాను. నా కంపెనీకి పేరొస్తుందని అందరికీ చెప్పాను. నా మనసులో ఉన్నది మాత్రం ఆ ఒక్క మాట నీకు చేర్చడమే.

బుధవారం ఖాళీ మైదానంలో పరీక్షించాను. ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ పిడుగుకు వీడియో కాల్ చేస్తే దాని ఊడిన పన్ను తాలూకు సందు కూడా స్పష్టంగా కనిపించింది. నా అంతటిది లేదనుకున్నాను. గురువారం జనం వచ్చిపడ్డారు, విమానాలు వచ్చి వాలాయి, నా గొప్పలన్నీ దిగిపోయాయి. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కదా, ఆ నీళ్ళు సిగ్నల్‌ను తాగేస్తాయి. తాగగా మిగిలింది విమానాల రేకులకు కొట్టుకుని దారి తప్పుతుంది. మధ్యాహ్నానికి ఎవరి ఫోనులో చూసినా అదే చక్రం. అన్నయ్య వంతు శుక్రవారం నుంచి కాబట్టి బతికిపోయాను.

మేళా కార్యదర్శి గారు, మేము చాటుగా మీసాలాయన అంటాం, రొప్పుతూ వచ్చారు. ఇంకా ఎత్తు స్తంభం వెయ్యమ్మా, పవర్ రెట్టింపు చెయ్యమ్మా అని ఒకటే పోరు. పెంచను, తగ్గిస్తాను అన్నాను. నాకు ఎండదెబ్బ తగిలిందేమోనని ఆయన గొడుగు తెప్పించారు. అప్పుడు మనింటి భోజనాల బల్ల సంగతి చెప్పాను. ఆ చివర నుంచి పెద్దమామయ్య అరిస్తే ఈ చివర వాళ్ళు ఇంకా గట్టిగా అరుస్తారు, ఉప్పు అందుకోమన్న మాట ఎవరికీ వినపడదు. ఎవరి పక్కవాళ్ళతో వాళ్ళు మెల్లగా మాట్లాడుకుంటే బల్ల నిండా కబుర్లు సాగుతాయి. ఫోన్లూ అంతేనండీ అన్నాను. ఆయనకు అర్థమయిందో, భోజనం మాట వినగానే ఆకలేసిందో, సరే నీ ఇష్టం అని వెళ్ళిపోయారు.

నేనూ నా దగ్గర పనిచేసే ఇద్దరూ కలిసి పెద్ద స్తంభాల గొంతు తగ్గించాం. బెంచీల కింద, టీ కొట్టు బల్లల కింద, కంచె గుంజలకు మోకాలి ఎత్తున చిన్న చిన్న పెట్టెలు కట్టాం. చుట్టూ ఉన్న గుప్పెడు మందితోనే ఒక్కో పెట్టె మాట్లాడుతుంది. నిన్నటిదాకా సిగ్నల్ తాగేసిన జనమే ఇప్పుడు పెట్టెకూ పెట్టెకూ మధ్య గోడలయ్యారు. శుక్రవారం అన్నయ్య దిగి కబురు పంపితే, ఇంజను మీద చెయ్యి వెయ్యలేనంత వేడి ఉండగానే నీ జవాబు వచ్చింది. శనివారమూ అంతే. మీసాలాయన నాకు స్వయంగా కాఫీ తెచ్చిచ్చారు. అందులో పంచదార లేదనుకో, అది వేరే సంగతి.

ఆదివారం తల ప్రాణం తోకకు వచ్చింది. అన్నయ్య వాళ్ళ విమానాలు నిలిపేచోట ఒక స్తంభం ఉంది. దానికీ కంట్రోలు టవరుకూ నడుమ తీగ వెయ్యడానికి లేదు, రన్‌వే తవ్వనివ్వరు. అందుకని రెండు చివరలా పళ్ళెం లాంటి యాంటెనాలు పెట్టాం. అవి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉంటే చాలు, పని జరిగిపోతుంది. చివరి రోజు ప్రదర్శనకని ఒక సరుకుల విమానం వచ్చి, మూడంతస్తుల మేడ అంత తోకతో సరిగ్గా ఆ రెంటి మధ్య నిలబడింది. నా చేతిలోని ట్యాబు తెర మీద ఆ స్తంభం గుర్తు ఎర్రబడింది. తలెత్తి చూద్దును కదా, అన్నయ్య అప్పటికే పైన ఉన్నాడు.

విమానాలను నిలిపించే జెండాలాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఒంటికాలి మీద లేచాడు. దాన్ని కదపాలంటే ట్రాక్టరు రావాలి, ప్రదర్శన ముగిసేదాకా ట్రాక్టరు ఇటు రాకూడదు, నీ ఇంటర్నెట్ కోసం రూలు మారుస్తామా అన్నాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను, లాభం లేకపోయింది. ఆయనదీ తప్పు కాదులే. అటూ ఇటూ చూస్తే పక్కగా ఐస్‌క్రీం బండి కనిపించింది. దాని పైకెక్కితే ఇటు టవరూ కనిపిస్తుంది, తోకను తప్పించుకుని అటు స్తంభమూ కనిపిస్తుంది. బండి ఆవిడను బతిమాలాను. ముందు పిల్లల వరస చెదరకుండా చూసుకో, చెప్పులు విప్పి ఎక్కు, నా వెనిల్లాలో మాత్రం ఏదీ పడెయ్యకు అంది. దగ్గరున్న రెండు పాత పళ్ళేలు పట్టుకుని ఎక్కాను. ఒకదాన్ని టవరు వైపు, ఇంకోదాన్ని స్తంభం వైపు తిప్పి, అక్కడి పళ్ళేలను నా దగ్గర పనిచేసే ఇద్దరిచేత బండి వైపు తిప్పించి, కింద ఫ్రిజ్ ప్లగ్గులోంచి కరెంటు లాగాం. కాలుతున్న రేకు మీద ఉత్త కాళ్ళతో నా నాట్యం చూసి పిల్లలు అదీ ప్రదర్శనలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

ఈలోగా అన్నయ్య దిగాడు. కబురు పంపాడు. చక్రం తిరిగింది. నేను పళ్ళెం కొంచెం ఇటు, కొంచెం అటు జరుపుతూ ఏ దేవుడు గుర్తొస్తే ఆ దేవుడికి మొక్కాను. ఎప్పటికో గుర్తు పచ్చబడింది. బండి దిగి తన దగ్గరికి వెళ్ళేసరికి అన్నయ్య ఇంజను మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. చల్లగా ఉంది. విమానానికి ముసుగు కప్పి, అంచులన్నీ సర్ది, దీన్ని కొంటానని అడిగిన డాక్టరు గారి నంబరు నీ దగ్గర ఉందా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది వదినా. ఆగలేదు కూడా.

అప్పుడు ఫోను మోగింది. నీ జవాబు. "అందింది. సమయానికే అందింది. ఇంటికి రా." అన్నయ్య పైకి రెండుసార్లు చదివి, కప్పిన ముసుగు లాగేసి, విమానం ముందరి పంకాను వాటేసుకున్నాడు. అయితే చక్రం ఉత్తినే తిరిగిందన్నమాట, కబురు ముందే వెళ్ళిపోయింది కదే అని నన్నడిగాడు. ఏమో అన్నయ్యా, వదిన అబద్ధం చెప్పదు కదా అని తీగ చుట్టుకుంటూ తల తిప్పుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర తన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పక్క పైలట్లందరికీ నీ జవాబు చూపించాడు.

ఇవీ ఇక్కడి విశేషాలు. వచ్చే ఏడూ నువ్వే చెయ్యాలమ్మా అని మీసాలాయన అన్నారు, సరేనన్నాను. చుట్టాల్సిన తీగ ఇంకా కొండంత ఉంది. పిడుగుకు ముద్దులు. ఈ ఉత్తరం అందేసరికి అన్నయ్య వచ్చేసి ఉంటాడు, తన ముక్కుకు ఏదైనా మందు రాయి, ఎండకు ఎర్రగా కమిలిపోయింది.

పెత్తనం చేసే హక్కుండీ చెయ్యని,
నీ ఆడపడుచు

తా.క.: నిన్నటి కబురు సమయానికి వెళ్ళలేదు వదినా. అది టవరు దాటడం నా తెర మీద నేనే చూశాను. అన్నయ్య కళ్ళజోడు లేకుండా ఫోనులో తడుముకుంటాడని, ఆ స్తంభం నుంచి తన ఒక్కడికే విడిగా ఒక వైఫై పెట్టి, దానికి మీ ఇంటి వైఫై పేరే, మీ ఇంటి పాస్‌వర్డే ఇచ్చాను. ఇంట్లో లాగే ఫోను దానంతటదే తగులుకుంటుందని. గుర్తు పచ్చబడగానే చూస్తే ఆ వైఫైకి రెండు ఫోన్లు తగులుకుని ఉన్నాయి. ఒకటి అన్నయ్యది. రెండోదాని పేరు "పిడుగూ, ముట్టుకోకు". ఆ పేరున్న ఫోను లోకంలో ఒక్కటే, నీది.

ఆ స్తంభం గొంతు కంచె దాటి నాలుగడుగులు కూడా పోదు, తగ్గించింది నేనే. అన్నయ్య మాట ఆ స్తంభం మీంచి టవరుకు పోయి, ఎక్కడెక్కడ తిరిగిందో తిరిగి, మళ్ళీ అదే స్తంభానికి వచ్చి, తన వీపు వెనకే కంచె పట్టుకుని నిలబడ్డ నీ చేతిలో మోగింది. నువ్వు ఏ బస్సెక్కి వచ్చావో, తను తలకిందులుగా తిరుగుతుంటే కళ్ళు మూసుకున్నావో తెరిచావో నేను అడగను. అన్నయ్యకు చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవలసిన మాట. వదిన కూడా అబద్ధమాడిందే అని రాత్రంతా అనుకున్నాను. పొద్దున్న లేచాక తట్టింది, ఆడలేదని. చక్రాలు నేలను తాకడం నువ్వు కళ్ళారా చూశావు. నీకు కబురు అందేసరికి ఇంజను ఇంకా ఆగనైనా లేదు.