రెండో ఎం

జూన్ 4

డాక్టరు రోజూ నాలుగు లైన్లు రాయమన్నాడు. వేళ్ళు బిగుసుకుపోకుండా ఉంటాయట. నలభై ఏళ్ళు బోర్డులు రాసిన చేతికి ఇప్పుడు రాత మందయింది. నాలుగూ అయ్యాయి.

జూన్ 6

మా ఆవిడ లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసులో చేరింది. అరవై మూడేళ్ళకు. నాకు మాటమాత్రం చెప్పలేదు. ఇక పలకొక్కటే తక్కువ అన్నాను. నోట్‌బుక్ ఇచ్చారులెండి అంది.

జూన్ 9

ఆవిడకు హోంవర్కు. పది అక్షరాలకు తగ్గని ఇంగ్లీషు మాటలు అయిదు కావాలి. ప్రతి దాంట్లో సీ ఉండాలి, ఎం ఉండాలి. శనివారం చూపించాలి. నన్నడిగింది. నన్నుగాక ఎవర్నడుగుతుంది? ఈ ఊరి గోడల మీద సగం ఇంగ్లీషు నాదే.

ఆ ఇంగ్లీషు చదవడం నాకు రాదు. దాచడానికేముంది. కానీ ఒక్కో అక్షరం నడుమెంతో కాళ్ళెంతో నాకు తెలిసినట్టు చదువుకున్నవాడికి తెలియదు. ఎం అన్నిటికంటే వెడల్పు. ఐకి సందు చాలు. వాళ్ళు కాగితం మీద రాసిస్తారు, నేను గోడెక్కిస్తాను. అర్థం వాళ్ళది, అందం నాది.

అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. కొలతలు వేసుకున్న పాత కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి.

జూన్ 10

అయిదూ దొరికాయి. COMMERCIAL. MECHANICAL. COMPARTMENT. PHARMACEUTICALS, గోడ మీద దీన్ని రాయడానికి అప్పట్లో మూడు రోజులు పట్టింది. చివరిది బస్టాండు దగ్గరి లాడ్జిది, ACCOMODATION. కిటికీకీ నీళ్ళ పైపుకీ మధ్య పన్నెండు అక్షరాలు, గోరంత తేడా లేకుండా. ఇప్పటి కుర్రాళ్ళను రాయమనండి చూద్దాం.

వడ్డిస్తూ ఆవిడ ఇంకో మాట చెప్పింది. నా తమ్ముడు ముప్పయ్యో తారీకున కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడట, సామాను సర్దేశాడట. ఇక రాడట. నాకెందుకు అన్నాను.

జూన్ 13, సాయంత్రం

నాలుగు రైటు. ఒకటి తప్పు. లాడ్జి మాట చుట్టూ ఎర్ర సున్నా. ఒక ఎం తక్కువట, రెండుండాలట.

ఆ పంతులు మీసం సరిగా రాని పిల్లాడట. వాడికేం తెలుసన్నాను. డిక్షనరీలో చూపించాడండీ అంది.

రెండుండాలన్న మాట నాకు కొత్త కాదు. పందొమ్మిదేళ్ళ కింద నిచ్చెన కింద నుంచి ఒకసారి విన్నాను.

జూన్ 14

నిచ్చెన ఎక్కడం నా పని, పట్టుకోవడం తమ్ముడి పని. మొదటి నుంచీ అంతే. లాడ్జివాళ్ళ కాగితంలో ఎం పక్కన ఇంకో ఎం ఉంది. రాసినవాడి చెయ్యి జారిందనుకున్నాను. పైగా గోడ చాలడం లేదు. తీసేశాను. సీలు కూడా రెండున్నాయి, అవి సన్నవి కాబట్టి పట్టాయి, ఉంచాను. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

కింద నుంచి వాడు రెండుండాలన్నయ్యా అన్నాడు. కమర్షియల్‌కి రెండు రాశాం కదా అని కూడా అన్నాడు. లాడ్జివాళ్ళు నలుగురూ వింటున్నారు. నాకు తిక్క రేగింది.

"నీ ఆరో తరగతి నా చెమటతో చదివిందేరా. నాకే అక్షరాలు దిద్దబెడతావా?"

వాడు బ్రష్ కడిగాడు. తుడిచి డబ్బా మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా వాడో మూల, నేనో మూల. ఆ లాడ్జి వీధి కూడా నేను తొక్కలేదు. చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

జూన్ 15

రాయను.

జూన్ 17

లాడ్జి దగ్గరికి వెళ్ళాను. నా కొలతల కాగితం జేబులో పెట్టుకున్నాను. నా తప్పు నా కళ్ళతో చూసుకుందామని.

బోర్డులో తప్పు లేదు.

రెండు ఎంలు ఉన్నాయి. నాలుగుసార్లు లెక్కపెట్టాను. పదమూడు అక్షరాలు. నా కాగితంలో పన్నెండే. మెట్టు మీద కూర్చున్నాను.

కాసేపటికి కళ్ళు పనిచేశాయి. మొదటి ఎం నాది, నిటారుగా నిలబడింది. రెండో ఎం కాళ్ళు బారజాపింది. అది వాడి ఎం. దాని తర్వాతి అక్షరాలన్నీ చెరిపి మళ్ళీ రాశాడు. చోటు చాలక O అక్షరం కోడిగుడ్డులా నిలువుగా సాగింది. కింద మూలన నా గుర్తు, ఎర్ర బ్రష్ బొమ్మ, దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

కౌంటర్ దగ్గర ముసలాయన ఇంకా ఉన్నాడు. గొడవ జరిగిన మూడో రోజే తమ్ముడు వచ్చాడట. అన్నయ్య పంపాడని చెప్పాడట. పట్టుకునే మనిషి లేక నిచ్చెనను నీళ్ళ పైపుకు తాడుతో కట్టుకుని ఎక్కాడట.

జూన్ 18

లైబ్రరీకి వెళ్ళి ఆ పంతుల్ని పట్టుకున్నాను. సీ, ఎం ఎందుకిచ్చావని అడిగాను. తను ఇవ్వలేదట. ఎవరి అక్షరాలు వాళ్ళే ఎంచుకోవాలట. మా ఆవిడ చేరిన రోజే ఈ రెండూ తీసుకుందట.

ఇంటికొచ్చి నిలదీశాను. ఆవిడ గిన్నెలు తోమడం ఆపలేదు. పందొమ్మిదేళ్ళుగా తెలుసట. తప్పు కింద అన్నయ్య గుర్తు ఉండకూడదు వదినా అని చెప్పి, వాడు ఒట్టు వేయించుకున్నాడట. ఒట్టుంది కాబట్టి చెప్పలేదట. చెప్పొద్దన్నాడు గానీ కనుక్కోనివ్వొద్దని అనలేదుగా అంది.

మరి ఇన్నేళ్ళూ ఏం చేశావన్నాను.

"నేను నోటితో చెబితే నమ్మేవారా? ఎర్ర సిరాతో వస్తేనే కదండీ నమ్మారు."

ఈవిడతో నలభై రెండేళ్ళు కాపురం చేశాను. ఈవిడెవరో నాకు తెలియదు.

జూన్ 22

తమ్ముడి వీధి మలుపు దాకా వెళ్ళి వచ్చేశాను.

జూన్ 25

మళ్ళీ అంతే.

జూన్ 28

తలుపు వాడే తీశాడు. తల నెరిసిపోయింది. గదిలో తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఎన్ని ఎంలురా?" అన్నాను.

"రెండన్నయ్యా."

"రెండే," అన్నాను.

వాడు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పిలవకుండానే లోపలికి వెళ్ళి అట్టపెట్టె మీద కూర్చున్నాను.

జూన్ 29

పొద్దున్నే లాడ్జికి వెళ్ళాం. నా బ్రష్ బొమ్మ పక్కన ఇంకో బ్రష్ బొమ్మ వేయించాను. వాడు ఎక్కాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను.