పళ్ల వెనక తీగలు

గుణదల, 2005 ఆగస్టు, మంగళవారం

ఈ సాయంత్రం కేబుల్ టీవీలో వార్తలు నేను చదవలేదు. నాతోపాటు చేరిన సుల్తానా చదివింది.

నా ఎత్తుపళ్లు కెమెరాలో మరీ కనిపిస్తున్నాయి, సరిచేయించుకోమన్నది మేనేజరుగారే. పళ్లమీద ఇనప తీగలు కనపడితే వార్తలు చదివే కుర్చీలో కూర్చోనివ్వరని భయపడి, డాక్టరుతో పళ్ల వెనక వేయించుకున్నాను. ఎవరికీ కనపడవన్నాడు. కనపడటం లేదు, నిజమే. నాలుకే తిరగడం లేదు. తీగల అంచులు గీరుకుని పుళ్లు పడ్డాయి.

మధ్యాహ్నం రిహార్సల్లో రెండు వాక్యాలు చదివానో లేదో, మేనేజరుగారు చెయ్యెత్తి ఆపేశారు.

"ఏమ్మా, నోట్లో కిళ్లీ ఏమన్నా పెట్టుకున్నావా?"

అందరూ నవ్వారు, సుల్తానా తప్ప. "తీగలు వేయించుకున్నానని చెప్పెయ్యవే," అని నా చెవిలో గొణిగింది. చెబితే ఎన్నాళ్లంటారు. ఏడాదిన్నర అనాలి. అన్నాళ్లు నాకోసం ఎవరాగుతారు?

"జ్వరమండీ, నోరు పూసింది," అన్నాను.

"ముందే చెప్పొద్దూ! తగ్గాకే రా."

సుల్తానా ఒక్కచోట కూడా తడబడకుండా చదివింది. చూస్తూ కూర్చున్నాను. సంతోషించాలో, బాధపడాలో...

నోటిపూత నాలుగు రోజుల్లో తగ్గుతుందని ఆయనకీ తెలుసు. ఐదో రోజు ఇదే నోటితో ఆయన ముందు కూర్చోవాలి.