చివరి పేజీ లేని ఫైళ్లు

మార్చి 3

పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులు. ఫిల్మ్ స్టడీస్ నోట్సంతా మంచం మీద పరిచాను. ఐదు సినిమాలు, ఐదు రంగుల ఫైళ్లు, కాన్వెంట్‌లో అలవాటైన ఎర్ర మార్జిన్లు. కాగితాల కొట్టు పెడుతున్నావా అంది అమ్మ. ఫస్ట్‌క్లాస్ రాకపోతే ఎం.ఏ. మాట ఎత్తనని, పిన్ని ట్యూషన్ సెంటర్లో చేరతానని నాన్నకి మాటిచ్చాను.

మార్చి 4, ఉదయం

ఒక్క ఫైల్లోనూ చివరి పేజీ లేదు.

మార్చి 4, సాయంత్రం

ఆ పేజీలు పోలేదు. అసలు రాయనే లేదు. స్క్రీనింగ్ మూడింటికి మొదలయ్యేది. నా బస్సు నాలుగూ యాభైకి. చీకట్లో ఎవరి మోకాళ్లూ తగలకుండా వంగి బయటికి వచ్చేసేదాన్ని. మిగతాది తర్వాత చూడొచ్చులే అనుకున్నాను. ఐదుసార్లూ.

కంపల్సరీ ప్రశ్న ముగింపు సీక్వెన్సు మీదే ఉంటుంది. ఇరవై అయిదు మార్కులు. ఆ రీళ్లు డిపార్ట్‌మెంట్లో తప్ప ఎక్కడా దొరకవు.

మార్చి 5

పొడుగమ్మాయికి ఫోన్ చేశాను. క్లాసులో నా పక్క సీటు. ఐదు ముగింపులూ రెండు నిమిషాల్లో చెప్పేసింది. ఇందులో వాడు చచ్చిపోతాడు, అందులోనూ చచ్చిపోతాడు, ఆ కిటికీ పిల్లకి పెళ్లయిపోతుంది, అదీ చావు కిందే రాసుకో అంది. ఆఖరి షాట్లలో కెమెరా ఎక్కడుందని అడిగాను. కెమెరాతో నీకేం పనే తల్లీ అని నవ్వింది.

మార్చి 6

ప్రొజెక్టర్ గది దాకా రెండుసార్లు వెళ్లి, తలుపు తట్టకుండానే వచ్చేశాను.

మార్చి 7

అడిగేశాను. ప్రొజెక్టర్ ఆయన నన్ను గుర్తుపట్టాడు. ప్రతిసారీ మధ్యలో లేచి వెళ్లిపోయే అమ్మాయివి నువ్వే కదమ్మా అన్నాడు. చెవులు వేడెక్కాయి. ఆఖరి రీళ్లు మాత్రం వేయమన్నాను. కూరలో ముక్కలు ఏరుకున్నట్టు సినిమా చూస్తావా అని కసిరాడు. వేస్తే మొదటినుంచీ వేస్తాడట. రేపు ఒక్కటే. ఎల్లుండి నుంచి ఆయన సెలవు.

ఒక్కటి. ఏది?

మార్చి 8

నీలం ఫైలు.

వాడు చావలేదు. వీధి మలుపు తిరిగి ఫ్రేములోంచి వెళ్లిపోయాడు. తర్వాత నిమిషం పైగా ఖాళీ వీధి. ఏమీ రాసుకోలేకపోయాను. బస్సు పోయింది. నడిచి ఇంటికొచ్చి, లైబ్రరీలో ఆలస్యమైందని అమ్మకి అబద్ధం చెప్పాను.

పొడుగమ్మాయికి ఫోన్ చేసి, వాడు బతికే ఉన్నాడని చెప్పాను. నువ్వు లేవగానే నేనూ లేచి క్యాంటీన్‌కి పోయేదాన్నే అంది.

మార్చి 9

ఆమె చెప్పినవి రాసుకున్న కాగితం చింపేశాను. మిగిలినవి నాలుగు. ఏం చదవాలో తెలియక ఉన్నవే మళ్లీ సర్దాను.

మార్చి 12

కంపల్సరీ ప్రశ్న కిటికీ పిల్ల సినిమా మీద వచ్చింది. ముగింపు చూడలేదని మొదటి వాక్యంలోనే రాసేశాను. నేను చూసిన ఆఖరి షాట్‌లో ఆమె కిటికీ రెక్క సగం తీసి ఆగింది. కెమెరా ఆమె వెనకే ఉంది. ఆ సగం కిటికీ గురించి ఆరు పేజీలు రాశాను.

ఫస్ట్‌క్లాస్ మీద ఆశ లేదు. అమ్మకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఇంతకీ ఆ పిల్ల కిటికీ పూర్తిగా తీసిందా లేదా అని అడిగింది.