చూపుతో తీసే తాళం

మార్చి 3
మా ఆవిడకు మాట పోయి, చేతులు పడిపోయి ఏడాది దాటింది. ఇవాళ ఆసుపత్రి నుంచి మిషనమ్మాయి వచ్చి మంచం ముందు స్క్రీన్ బిగించింది. కళ్లతో అక్షరాలు చూస్తే అది పైకి చదువుతుందట. ముందు తాళం తీయాలి. తెర మీద పక్షి, కప్పు, గొడుగు, ఇంకా ఏవో బొమ్మలు. ఆవిడకు మాత్రమే తెలిసిన వరుసలో వాటిని చూడాలి. అదే పాస్‌వర్డ్. వరుస ఎంచుకునేటప్పుడు నన్ను వంటింట్లోకి పంపేశారు. నా ఇంట్లో నన్నే.

ఈవిడ మాటలు ఎవడెత్తుకుపోతాడు, తాళమెందుకు అన్నాను. ఆవిడ పేరుతో ఇంకొకరు మాట్లాడకూడదు కదా తాతగారూ అంది ఆ పిల్ల. ఇన్నాళ్లూ ఆవిడ తరఫున మాట్లాడింది నేనే.

మార్చి 4
తెరుచుకోలేదు.

మార్చి 6, సాయంత్రం
పొద్దుటి నుంచి తెర మీద తప్పని ఎర్ర గుర్తే. పక్కనే నిలబడి ఊఁ, కానీ, తొందరేం లేదు అంటూనే ఉన్నాను. మళ్లీ ఎర్ర గుర్తు. దండగమారి మిషన్ అన్నాను. నువ్వు కాసేపు నోరు మూసుకుంటే అమ్మ నోరు తెరుస్తుందేమో నాన్నా అంది మా అమ్మాయి. లారీ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. నాకు చెబుతోంది.

పదో తారీఖు లోపు తాళం తీయలేకపోతే మిషన్ ఇంకో పేషెంటుకు పోతుందట. ఆవిడకు అన్నం సయించలేదు.

మార్చి 9
ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ఆవిడ చూపు ఎటెటు పోయిందో పచ్చ గీతలు చూపించింది. రెండు బొమ్మలు సరిగ్గానే చూస్తుంది. తర్వాత గీత తెర దాటి కుడివైపు పోతుంది. ప్రతిసారీ. అక్కడేముంది తాతగారూ అంది. మందుల బల్ల అన్నాను. మా అమ్మాయి పకపకా నవ్వింది. నేను నిలబడేది అక్కడే.

పెళ్లయిన నాటి నుంచీ అంతే. కాఫీ తాగుతావా అని ఎవరైనా అడిగినా ముందు నా ముఖం చూసేది. నాకది గొప్పగా ఉండేది.

రేపు మీరు బయట ఉండాలి అంది ఆ పిల్ల. ఉండనన్నాను. మా ఆవిడ నన్ను చూసింది. తలుపు చూసింది. మళ్లీ నన్ను, మళ్లీ తలుపు. దానికి మిషన్ అక్కర్లేకపోయింది.

మార్చి 10, పది గంటలు
వరండాలో ఉన్నాను. లోపల టింగుమంది. ఎర్ర గుర్తు పడినప్పుడు వచ్చే మోతే. లేచాను. మా అమ్మాయి లోపల్నుంచి గడియ పెట్టింది.

కాసేపటికి ఎవరో ఆడమనిషి గొంతు, ఏమండీ అంది. ఎవరో వచ్చారనుకుని పలకలేదు. ఏమండీ, మిమ్మల్నే, చెవుడా అంది. అప్పుడు తెలిసింది. వస్తున్నా అని అరిచాను. రావద్దు అంది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, అక్కడే కూర్చుని వినండి అంది.

నాకు కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

మార్చి 11
పొద్దున్నే మా ఆవిడ నన్ను బయటికి పంపేసింది. లోపల మాట్లాడుతోంది. మా అమ్మాయి పనికెళ్లింది, గదిలో ఇంకెవరూ లేరు. ఎవరితో అని అడగలేదు.