ఆత్మకూరు ఆంజనేయుని తొలిచూపు

ఆళ్లగడ్డ,
సోమవారం

నంద్యాల ‘జోరు డిజిటల్’ ఆఫీసు మేనేజరు నస్రీన్ గారికి, ఆళ్లగడ్డ శిల్పి గురుస్వామి ఆచారి నమస్కారాలు చేసి రాసేది ఏమంటే,

ఇక్కడ మేము క్షేమం. మా అంగడి మాత్రం క్షేమంగా లేదు.

నంద్యాల బస్సు వెనకాల మీ బోర్డు చూసి మొన్న ఫోన్ చేసినా గదా. ‘మీ ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు బేగా బాగుచేసి ఇస్తాం, అకౌంటు మా చేతికి ఇస్తే చాలు’ అన్నారు. ఇదిగో ఇస్తాండా. నా అకౌంటంతా ఆ ఫోన్లోనే ఉంది కాబట్టి ఫోన్‌నే పాత పంచెలో చుట్టి, చుట్టూ వరిగడ్డి పెట్టి, బిగించి కట్టి, బస్సు కండక్టరు డేవిడ్ చేతికి ఇచ్చినా. పగులుతుందని భయపడొద్దు. ఇదే కట్టు కడితే దేవుళ్లు బెంగుళూరు దాకా పగలకుండా పోయినారు.

ఈ పేజీల పిచ్చి నాకు లేదు. ఎక్కించింది మా ఎదురంగడి సుందరరాజు. వానికి ఉలి పట్టేది నేర్పించినోణ్ని నేను. ఇప్పుడు వాడు నల్లద్దాలు పెట్టుకొని, సుత్తి పైకెత్తి, సినిమా పాటకు తల ఊపుతాడు. ఆ సుత్తి రాయి మీద పడింది ఒక్క వీడియోలో గూడా నేను చూడలేదు. అయినా జనం లైకులు కొడతాండారు! నా కొట్టం దాకా వచ్చినోళ్లు ‘మీ పేజీలో వీడియోలు లేవా’ అని అడిగి, రోడ్డు దాటి వాని దగ్గరికి పోతాండారు. ఏం న్యాయమమ్మా ఇది?

ఇప్పుడు నా కొట్టంలో ఆత్మకూరోళ్ల కోసం చెక్కిన ఆంజనేయస్వామి ఉన్నాడు. కొత్త గుడిలో ప్రతిష్ఠ దగ్గరికొచ్చింది. నా చేతిలో ఇంత బాగా కుదిరిన సామి ఇంకొకడు లేడు. ఆయన ఫోటోలు ఫోన్లోనే ఉన్నాయి, అవి పెట్టండి. ఆయన్ని నలుగురూ చూస్తే చాలు.

ఇట్లు,
మీ పని కోసం కాచుకొని ఉండే,
గురుస్వామి ఆచారి

తా.క. జవాబు కాగితం మీదే రాసి డేవిడ్‌కియ్యండి. మా ఇంటామెకు ఫోనుంది గానీ, అది ఆమె చెవి నుంచి ఊడిరాదు.

నంద్యాల,
బుధవారం

గౌరవనీయులైన గురుస్వామి ఆచారి గారికి నమస్కారం.

మీ మూట అందింది. మేం అడిగింది పాస్‌వర్డు సార్, ఫోన్ కాదు. విప్పేసరికి ఆఫీసంతా గడ్డి. కింద టైలరు షాపులో ఉండే మా నాన్న పైకొచ్చి, ‘ఏందమ్మీ, బర్రెను కట్టేసినావా ఈడ?’ అని అడిగి వెళ్లాడు.

సరే, ఫోన్ వచ్చింది కాబట్టి పేజీ తెరిచాం. నేను చాలా పేజీలు బాగుచేశాను గానీ ఇలాంటిది చూడలేదు. మీ ప్రొఫైల్ ఫోటోలో నంది వెనకభాగం ఉంది. పరిచయం రాసుకునే చోట ‘అన్నం తినేటప్పుడు ఫోన్ చేసేవాళ్లకు బుద్ధి లేదు’ అని ఉంది. పోయిన ఏడాది ఎవరో ‘ఈ వినాయకుడు అమ్మకానికేనా’ అని అడిగితే, ‘నీకెందుకు’ అని జవాబిచ్చారు. కొనడానికి సార్! ఆయన కొనడానికి అడిగాడు!

అన్నీ మార్చేశాం. నంది ముఖం పెట్టాం. ఇక మీ నుంచి రెండు కావాలి. మీరు విగ్రహం పక్కన నిలబడి నవ్వుతున్న ఫోటో ఒకటి. ఆ తర్వాత ఆంజనేయస్వామి సంగతి. విగ్రహం చాలా బాగుంది గానీ కళ్లు చెక్కలేదు. సగంలో ఆపిన సరుకు పేజీలో పెడితే చూసేవాళ్లకు నమ్మకం పోతుంది. త్వరగా పూర్తిచేసి ఫోటో పంపండి.

ఇట్లు,
నస్రీన్,
జోరు డిజిటల్

తా.క. మీ మరదలు నిన్నటి నుంచి మీ నంబరుకు చేస్తూనే ఉన్నారు. నేనెవరో చెప్పేలోపే తిడుతున్నారు. నన్ను మీ రెండో భార్య అనుకుంటున్నారు. దయచేసి ఇంట్లో ఒక మాట చెప్పండి.

ఆళ్లగడ్డ,
గురువారం

నస్రీన్‌కు దీవెనలు.

మా బిడ్డ ఈడుదానివి, నువ్వనే రాస్తాండా. మీరు మీరు అని రాసే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

సరుకా? ఏందమ్మా సరుకు? దేవుణ్ని పట్టుకొని సరుకంటావా? ఉల్లిగడ్డలమ్మేటోని మాదిరి కనపడతాండానా నీకు?

ఇంక నవ్వే ఫోటో. నవ్వేదానికి నేనేమన్నా పండ్లపొడి అమ్ముతాండానా? రాతి దుమ్ములో నోరు తెరిస్తే ఏమైతాదో నీకు తెలుసా? అయినా నువ్వడిగినావని మా ఇంటామెతో తీయించి, అచ్చు వేయించి దీంట్లో పెట్టినా. ఇంతకుమించి నవ్వితే అది నేను కాను.

నంది వెనకభాగం ఎందుకు తీసినావు? ఆ తోక కుచ్చు చూసినావా? వెంట్రుక వెంట్రుకకూ ఉలి పెట్టినా. ముఖం ఎవడైనా చెక్కుతాడు. సుందరరాజును ఒక తోక చెక్కమను చూద్దాం. వాడు చెక్కిన నందికి తోక ఉందో, తాడు వేలాడుతాందో తెలియక దూడలు బెదిరినాయి. వాని సంగతి ఈ జాబు వెనక పేజీల్లో వివరంగా రాసినా, తీరిగ్గా చదువుకో.

కండ్లంటావా, కండ్ల పని ఆఖర్నే అయితాది. దానికి టైముంది. దాని సంగతి వదిలెయ్, మిగతాది చూసుకో.

ఇట్లు,
గురుస్వామి ఆచారి

తా.క. మరదలికి చెప్పమని మా ఇంటామెకు చెప్పినా. ఇప్పుడు మా ఇంటామె గూడా అడుగుతాంది, ఆ పిల్లెవరని.

నంద్యాల,
శనివారం

ఆచారి గారికి నమస్కారం.

శుభవార్త! మీకు కళ్ల పనికి ఇప్పుడు తీరిక లేదని అర్థమైంది. మీరు ఇబ్బంది పడొద్దు. మా ఎడిటరు సందీప్ కంప్యూటర్లో కళ్లు పెట్టేశాడు.

ఉత్త కళ్లు కాదు సార్! స్వామి మెల్లగా కళ్లు తెరుస్తాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. ఒకసారి రెప్ప వేసి, ఎదుట ఉన్నవాళ్లను చూసి నవ్వుతాడు. నిన్న పెట్టాం. కర్నూలు, ప్యాపిలి, శ్రీశైలం, ఎక్కడెక్కడివాళ్లో షేర్ చేస్తున్నారు. మీ పేజీకి ఇంతమంది ఎప్పుడూ రాలేదు. సుందరరాజు గారు కూడా లైక్ కొట్టారు. ఇప్పుడైనా మా పని మీద నమ్మకం కుదిరిందనుకుంటాను.

మీ నవ్వే ఫోటో మాత్రం పెట్టలేదు. అది చూసి సందీప్ ‘ఆయనకు మనమేమన్నా బాకీ ఉన్నామా’ అని అడిగాడు.

ఇట్లు,
సంతోషంతో,
నస్రీన్

తా.క. స్వామికి నల్లద్దాలు పెట్టిన వీడియో కూడా సందీప్ చేశాడు. మీ అనుమతి లేకుండా పెట్టడం పద్ధతి కాదని నేనే ఆపాను.

ఆళ్లగడ్డ,
ఆదివారం

నస్రీన్‌కు. ఈసారి దీవెనలు లేవు.

నా కొంప ముంచినావు గదమ్మా!

ఆత్మకూరు ప్రతిష్ఠ చేయించేది అహోబిలం అయ్యవారు వరదరాజులు స్వామి. పొద్దున్నే మా ఇంటామె ఫోన్‌కు చేసినాడు. ‘గురుస్వామీ, ఎంత పని చేసినావు, కండ్లు తెరిసేసినావంటనే’ అన్నాడు. నేను లేదంటే, ‘లోకమంతా చూసినాక లేదంటావేంది’ అని పెట్టేసినాడు. ఆత్మకూరు పెద్దలు ‘తెరిసిన కండ్ల సామి మాకొద్దు’ అన్నారంట. రాయిని చూసేదానికి గూడా రారంట.

నీకు తెలియదు, తెలుసుకో. మేము దేవుణ్ని అంతా చెక్కుతాం, కనుపాప గీత మాత్రం వదిలేస్తాం. సగంలో ఆపేది కాదది. ప్రతిష్ఠ రోజు, గుడిలో, అయ్యవారు మంత్రం చెప్తాంటే అప్పుడు గీస్తాం. ఆ గీత పడినాకే అది రాయి కాదు, దేవుడు. ఆ తొలిచూపు కోసం ఎదురుగా అద్దం పెడతారు, ఆవునూ దూడనూ నిలబెడతారు. మనిషి అడ్డం రాగూడదు. గీసే నేనే పక్కకు జరిగి, ముఖం తప్పించుకొని గీస్తా. మీసం రాకముందు ఉలి పట్టినా. నా చేత్తో చేసిన ఒక్క సామి గూడా మొదట నన్ను చూడలేదు. చూడాలని ఉండదా నాకు? ఉంటాది. అయినా తప్పుకుంటా. అది మా మర్యాద.

అట్లాంటి చూపును తీసుకపోయి మీ సందీప్ ఎవరి మీద వేసినాడు? బస్సులో ఫోన్ గీకేటోని మీద! వక్కాకు నమిలేటోని మీద! కక్కసు దొడ్లో కూర్చున్నోని మీద! ఆ సుందరరాజు మీద!

ఇప్పుడు ఆ సామిని నేను యాడ పెట్టుకోవాల? ఒక ఊరి కోసం చెక్కిన దేవుణ్ని ఇంకో ఊరికి అంటగట్టేదానికి ఆయనేమన్నా మంచమా, కుర్చీనా? పొద్దున లేస్తే ఎదురుగా ఆయనే. కండ్లు లేకపోయినా నన్నే చూస్తాన్నట్టుంది. నాకు ఏడుపొస్తాంది నస్రీన్, కోపంతోనే.

ఇట్లు,
నీ బోర్డు చూసి మోసపోయిన,
గురుస్వామి ఆచారి

తా.క. మా ఇంటామె ఆ వీడియో చూసి ‘సామి బలే ముద్దుగుండాడు’ అనింది. మా మధ్య మాటల్లేవు.

మళ్లీ తా.క. ఆ నల్లద్దాలది ఎవరికీ చూపించొద్దు. నాక్కూడా.

నంద్యాల,
సోమవారం

ఆచారి గారికి నమస్కారం.

తప్పయిపోయింది. ఉత్తరం అందగానే వీడియో తీసేశాం. మీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

కానీ నాకూ కోపం వచ్చింది, చెప్పనివ్వండి. పోయిన ఉత్తరంలో సుందరరాజు గారి మీద పేజీలకు పేజీలు రాశారు. నంది తోక గురించి రాశారు. కళ్ల గురించి మాత్రం ‘వదిలెయ్’ అన్నారు. ఇప్పుడు రాసినదాంట్లో ఒక్క ముక్క అప్పుడు రాసి ఉంటే సందీప్ చేతులు కట్టేసి ఉండేదాన్ని గదా! అన్నీ మాకెలా తెలుస్తాయి సార్?

మీ ఉత్తరం మా నాన్నకు చదివి వినిపించాను. కాజాలు కుట్టని చొక్కాను ఎవరన్నా వేసుకుని చూస్తేనే ఊరుకోని మనిషి. కత్తెర పక్కన పెట్టి, మొదటి నుంచి మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత ‘ఆయప్ప కడుపు కొట్టినావ్, పోయి సరిచెయ్’ అన్నాడు.

తప్పు మాదే, శిల్పిది కాదని పేజీలో రాశాను. ‘దొరికిపోయి మాట మారుస్తున్నాడు’ అని కింద అందరూ రాశారు. మీ ఫోన్ నుంచే వరదరాజులు స్వామికి చేశాను. ఆడగొంతు వినగానే ‘గురుస్వామి రెండో సంసారం సంగతి నాకెందుకమ్మా’ అని పెట్టేశారు. మీ మరదలు అహోబిలం దాకా చెప్పినట్టున్నారు.

ఇంక నాకు చేతనైన పని ఒక్కటే మిగిలింది. అడిగితే మీరు వద్దంటారు. అందుకని అడగకుండా చేస్తున్నాను. అది కూడా చెడితే వచ్చి తిట్టండి. ఆ స్వామి ఆత్మకూరు వెళ్లేదాకా నాకు అన్నం సయించదు.

ఇట్లు,
మీ బిడ్డ ఈడుది,
నస్రీన్

తా.క. నల్లద్దాలది సందీప్ తీసేశాడు. కళ్లు తుడుచుకుంటూ తీసేశాడు.

ఆళ్లగడ్డ,
శుక్రవారం

నస్రీన్ తల్లికి,

తల్లీ అన్నానని కోపం తగ్గిందనుకోవద్దు. ఇప్పుడే ఇంకా ఎక్కువైంది.

నిన్న వరదరాజులు స్వామి, ఆత్మకూరు పెద్దలు కారేసుకొని వచ్చినారు. తిట్లు తినేదానికి తయారై చేతులు కట్టుకొని నిలబడినా. అయ్యవారు తిన్నగా సామి దగ్గరికి పోయి, కండ్ల మీద వేలితో తడిమినాడు. గీత లేదు, ఉత్త నున్నటి రాయి. ‘చూసినారు గదా సామీ’ అన్నా. ఆయన నవ్వి, ‘చూసేదానికి రాలేదప్పా, తీసకపోయేదానికి వచ్చినాం. నీ జాబు విన్నాం’ అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. మా ఇంటామె ఫోన్ తెచ్చి చూపించింది. కండ్లు లేని నా సామి ఫోటో, దాని వెనకాల ఎవరో చదువుతాండారు. నేను నీకు రాసిన జాబు! ‘నా చేత్తో చేసిన ఒక్క సామి గూడా మొదట నన్ను చూడలేదు’ అని నీకు రాసుకుంటే, ఊరూరికీ వినిపిస్తావా? సిగ్గుతో సచ్చిపోయినా. మా ఇంటామె కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చింది. సుందరరాజు రోడ్డు దాటి వచ్చి కాళ్లు మొక్కినాడు. ఇప్పుడు వాణ్ని నేను ఎట్ల తిట్టేది? ఇన్నేండ్ల నుంచి ఉన్న ఒక్క ఆధారం గూడా తీసేసినావు.

అదంతా పోనీ. ఆ చదివేదేంది? సందీపేనా? నేను ‘యాడ’ అని రాస్తే వాడు ‘ఎక్కడ’ అని చదువుతాడా? నా తిట్లన్నీ రేడియోలో వాతావరణం చెప్పినట్టు చెప్పినాడు. కక్కసు దొడ్డి మాట మింగేసినాడు. మా ఇంటామె గురించిన తా.క. ఎగ్గొట్టినాడు. ఆ జాబులో బాగుండేదే అది! ఇంకోసారి చదవాల్సి వస్తే చెప్పు, డేవిడ్ బస్సెక్కి నేనే వచ్చి చదువుతా.

ఇంకొకటి. అయ్యవారు పోతా పోతా అన్నాడు, ‘అద్దమైనాక, ఆవూదూడా అయినాక, మనుషుల్లో మొదట నువ్వే నిలబడు గురుస్వామీ. ఆత్మకూరోళ్లంతా అనుకున్న మాటిది’ అని. ఇన్నేండ్లు ముఖం తప్పించుకున్నోణ్ని, ఎదురుగా ఎట్ల నిలబడాలో నాకేం తెలుసు? ఏ చొక్కా తొడుక్కోవాల? మీ నాయనకు చెప్పి బేగా ఒక తెల్ల చొక్కా కుట్టించు. పాత చొక్కా కొలతకు పంపినా. కాజాలతో సహా కుట్టమను.

ప్రతిష్ఠకు నువ్వు రావాల. మీ నాయన్ను, సందీప్‌ను గూడా పిల్చుకొని రా. కండ్లు తెరిసేటప్పుడు ఫోన్లు సంచిలో పెట్టుకొని, ఆవు వెనకాల నిలబడండి.

ఇట్లు,
దీవెనలతో,
గురుస్వామి ఆచారి

తా.క. నా ఫోన్ వెనక్కి పంపొద్దు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. మరదలు నీతోనే మాట్లాడుకోనీ.

మళ్లీ తా.క. అద్దమూ ఆవూ అయినాక, నేను సామి ముందర నిలబడినప్పుడు మాత్రం ఒక ఫోన్ బయటికి తియ్యి. నువ్వడిగిన నవ్వు నాకు వస్తే అప్పుడే రావాల.