నీ మామిడి పెట్టె, నా కొత్త బల్ల

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నాయన నా మోచేతుల ఎత్తు కొలిపించి మరీ నాకు చదువుకునే బల్ల చేయించాడు.

నువ్వు దూరవిద్య డిగ్రీ పాఠాలన్నీ బంగారుపాళ్యం మామిడికాయల పెట్టె బోర్లించి, దాని మీద వంగి రాసుకున్నావు. నడుము నొప్పన్నావు. "వంగి కూర్చుంటే నొయ్యకుండా ఉంటాదా మే? నిటారుగా కూర్చో, అదే పోతాది" అన్నాడు నాయన. నువ్వు గోడకు ఆనుకుని, పుస్తకం ఎత్తి పట్టుకుని చదివావు. ఇంకా నొస్తోందంటే, "మళ్లీ వంగుంటావులే" అన్నాను నేను. జబ్బు వెన్నెముకను తినేసిందని డాక్టరు చెప్పేనాటికి కూర్చోవడమే నీ వల్ల కాలేదు.

ఇప్పుడు నాయన బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా "నడుము నొస్తాందా పాపా?" అంటాడు. నేను నొప్పి లేదంటే నమ్మడు.

నువ్వు ఉందంటే నేను నమ్మలేదు.